ఒక తెగులుకు మందు, ఆ మందు వెంట ఇంకో తెగులు: ద్రాక్షతోటల పర్యావరణ చరిత్ర

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: ద్రాక్ష సాగు, వైన్ తయారీ 8 వేల ఏళ్ళపాటు ప్రకృతితో సర్దుకుపోయి బతికాయనీ, రసాయన మందులూ వాతావరణ మార్పూ వచ్చి ఈ మధ్యనే వాటిని చెడగొట్టాయనీ ఎక్కడో చదివారు. ఇందులో ఎంత నిజం ఉంది, ప్రాజెక్టు రాయాలంటే ఏ కాలాన్ని పట్టుకోవాలి అన్నది మీ సందేహం.

8 వేల ఏళ్ళన్న లెక్క సరైనదే. మిగతా కథతోనే నాకు పేచీ. ద్రాక్ష తెగుళ్ళ మీద చాలాకాలం పనిచేసినవాణ్ణి కాబట్టి నాకు కనిపించే చరిత్ర వేరు. ద్రాక్షతోట ఏ కాలంలోనూ అమాయకంగా లేదు. అయితే దాన్ని నిజంగా తలకిందులు చేసింది మన కాలం కాదు. 1845 నుంచి 1885 దాకా ఒక 40 ఏళ్ళున్నాయి. అంతకుముందు వేల ఏళ్ళలో జరగని మార్పు ఆ 40 ఏళ్ళలో జరిగిపోయింది. పైగా ఆ కాలంలో మొదటి తెగులును పక్కన పెడితే, తర్వాత వచ్చిన పెద్ద తెగుళ్ళు ముందటి తెగులుకు వెతికిన విరుగుడు వెంటే వచ్చాయి. మీరు ఆ గొలుసును పట్టుకోండి.

ముందు పాతకాలం సంగతి కాస్త చెప్పాలి, లేకపోతే గొలుసు ఎందుకు మొదలైందో అర్థం కాదు.

అడవి ద్రాక్ష ఏటి ఒడ్డుల్లో చెట్లమీదికి పాకే తీగ. అందులో ఆడ తీగలు వేరు, మగ తీగలు వేరు. ఎప్పుడో ఒకసారి ఒకే పువ్వులో రెండూ ఉన్న తీగ పుడుతుంది. దానికి పక్కన మగ తీగ లేకపోయినా కాపు వస్తుంది. మనిషి అలాంటివాటిని ఏరుకుని, కొమ్మ ముక్కలు నాటి పెంచుకున్నాడు. గింజ వేస్తే తల్లి గుణం నిలవదు కాబట్టి కొమ్మే నాటాలి. దక్షిణ కాకసస్‌లో, ఇప్పటి జార్జియాలోని గదచ్రిలి గోరా, షులవెరిస్ గోరా దిబ్బల్లో దొరికిన కుండ పెంకుల్లో ద్రాక్షకు ఆనవాలైన టార్టారిక్ ఆమ్లం ఉందని 2017లో తేల్చారు. ఆ కుండలు క్రీ.పూ. 6000 ప్రాంతానివి. ఆర్మేనియాలోని అరేని గుహలో క్రీ.పూ. 4000 ప్రాంతానికి చెందిన తొక్కుడు తొట్టి కూడా బయటపడింది. మీరు చెప్పిన 8 వేల ఏళ్ళు ఇక్కడినుంచే.

కొమ్మ నాటడం అన్న ఆ చిన్న పద్ధతిని తేలిగ్గా తీసుకోకండి. ఒక తోటలోని తీగలన్నీ ఒకే తీగకు నకళ్ళన్నమాట. ఫ్రాన్స్‌లోని ఓర్లియాన్‌లో తవ్వకాల్లో దొరికిన, సుమారు 900 ఏళ్ళ నాటి ద్రాక్ష గింజను పరీక్షిస్తే అది ఇప్పటికీ సాగులో ఉన్న సవాన్యాఁ బ్లాఁ రకంతో జన్యుపరంగా సరిపోయింది. తొమ్మిది శతాబ్దాల్లో చుట్టూ ఉన్న పురుగులూ శిలీంద్రాలూ ఎన్ని తరాలు మారి ఉంటాయో ఊహించుకోండి. తీగ మాత్రం ఉన్నచోటే ఉంది. కొత్త శత్రువు రానంతకాలం దీనివల్ల ఇబ్బంది లేదు. వస్తే తప్పించుకునే దారి లేదు.

రోమన్ల గురించి ఒక్క మాట. ప్రకృతితో సర్దుకుపోవడం అనే బొమ్మకు మొదటి గండి అక్కడే పడుతుంది. క్రీ.శ. 92లో డొమిషియన్ చక్రవర్తి ఇటలీలో కొత్త తోటలు వేయొద్దనీ, బయటి రాష్ట్రాల్లో ఉన్న తోటల్లో కనీసం సగం పీకేయాలనీ ఆజ్ఞ వేశాడు. వైన్ పొంగిపొర్లుతూ తిండిగింజలు కరువైన రోజులవి. ఆజ్ఞ గట్టిగా అమలు కాలేదు. అయినా ఒక తీగ జాతి ధాన్యపు నేలను ఇంతగా మింగుతోందని రాజ్యం బెంగపడిందంటే, సాగు ఏ స్థాయికి చేరిందో తెలుస్తుంది. సీసపు పాత్రల్లో ద్రాక్షరసాన్ని మరగకాచి తీపి పాకం చేసుకుని వైన్‌లో కలుపుకున్నది కూడా వీళ్ళే. రసాయన కల్తీ కొత్త సంగతి కాదు.

మధ్యయుగానికి వద్దాం. మంచి నేల ధాన్యానికి పోయేది. ద్రాక్షకు వాలు నేల, రాళ్ళ నేల మిగిలేవి. కలుపు లేకుండా తవ్వి ఉంచిన వాలు మీద గట్టి వాన పడితే మట్టి ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఇప్పటికీ యూరప్ పంటభూముల్లో నేల కోత ఎక్కువగా ఉన్నవాటిలో ద్రాక్షతోటలు ముందు వరసలో ఉంటాయి, కానీ ఇది ట్రాక్టర్లతో వచ్చిన జబ్బు కాదు. ఫ్రాన్స్‌లోని బర్గండీ ప్రాంతంలో చలికాలపు పనుల్లో ఒకటి, వాలు కిందికి జారిపోయిన మట్టిని బుట్టలకెత్తుకుని మళ్ళీ పైకి మోసి పోయడం. కొన్నిచోట్ల బయటినుంచి కూడా మట్టి తెచ్చి పోసేవారు. పోర్చుగల్ దోరు లోయలోనూ, స్విట్జర్లాండ్ లావో వాలుల్లోనూ, ఇటలీ చింక్వె తెర్రెలోనూ రాతిగోడలు కట్టి మెట్లు మెట్లుగా నేలను తయారుచేసుకున్నారు. ఈ మూడూ ఇప్పుడు యునెస్కో వారసత్వ జాబితాలో ఉన్నాయి.

బర్గండీలో 1098లో స్థాపించిన సీతో మఠం సన్యాసులు మట్టిని నోట్లో వేసుకుని రుచి చూసి తోటల హద్దులు గీశారని ఒక కథ తిరుగుతూ ఉంటుంది. ఆ కథకు నేనైతే విలువ ఇవ్వను. వాళ్ళు చేసింది అంతకన్నా కష్టమైన పని. రాళ్ళు ఏరారు, గోడలు కట్టారు, నీరు పోవడానికి దారి తీశారు, ఏ నేలముక్క ఏ ఏడాది ఎలా కాసిందో తరాలపాటు గమనించుకున్నారు. ఇప్పుడు మనం ‘సహజమైన నేల గుణం’ అని పొగిడే చోట్లలో చాలావాటి వెనక కొన్ని వందల ఏళ్ళ కూలి ఉంది.

వాతావరణం సంగతి కూడా ఈ పాత తోటలే చెబుతాయి. ద్రాక్ష ఎప్పుడు పండుతుందన్నది వసంతం, వేసవి ఎంత వెచ్చగా గడిచాయన్న దానిమీద ఆధారపడుతుంది. ఊళ్ళలో కోత మొదలుపెట్టే రోజును అధికారికంగా ప్రకటించేవారు కాబట్టి అది రికార్డుల్లో మిగిలింది. ఫ్రెంచి వాతావరణ శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ ఆంగో 1880ల్లోనే ఇలాంటి తేదీలు పోగుచేశాడు. తర్వాత చరిత్రకారుడు ఎమ్మాన్యుయేల్ ల రువా లదురీ వాటితో వాతావరణ చరిత్ర రాయవచ్చని చూపించాడు. బర్గండీలోని బోన్ పట్టణానికి 1354 నుంచి 2018 దాకా వరస ఉంది. దాన్ని 2019లో ప్రచురించారు. 1988 తర్వాత కోతలు సగటున 13 రోజులు ముందుకు జరిగాయని అందులో తేలింది. అదివరకు అరుదుగా వచ్చే వేడి, పొడి ఏళ్ళు అప్పటినుంచి మామూలైపోయాయి. టాంబోరా అగ్నిపర్వతం 1815లో పేలితే మరుసటి ఏడాది వేసవే లేకుండా పోవడం, కోత బాగా వెనక్కి పోవడం కూడా ఇలాంటి రికార్డుల్లోనే కనిపిస్తాయి.

అయితే కోత తేదీ థర్మామీటర్ కాదు. యుద్ధం వచ్చినా, ప్లేగు వచ్చి కూలీలు దొరకకపోయినా తేదీ మారుతుంది. జనానికి బాగా పండిన ద్రాక్ష రుచి నచ్చడం మొదలైనా మారుతుంది. ఒకే ఊరి తేదీని చూసి ఉష్ణోగ్రత చెప్పేయకండి.

ఇలాంటిదే ఇంకో పొరపాటు వాదన ఉంది. 1086 నాటి ఇంగ్లండ్ భూముల లెక్కలో 40కి పైగా ద్రాక్షతోటలు కనిపిస్తాయి కాబట్టి అప్పుడు ఇప్పటికన్నా వేడిగా ఉండేదంటారు. అదే లెక్కన చూస్తే, ఇప్పుడు ఇంగ్లండ్, వేల్స్‌లో దాదాపు వెయ్యి తోటలున్నాయి, మరి ఇప్పుడెంత వేడిగా ఉన్నట్టు? ఉత్తరాది తోటలు తర్వాతి శతాబ్దాల్లో తగ్గిపోవడానికి చలి ఒక్కటే కారణం కాదు. దక్షిణంనుంచి చవక వైన్ తెప్పించుకోగలిగితే చలి ప్రాంతంలో పుల్లటి ద్రాక్షతో ఎవరు కుస్తీ పడతారు? పారిస్ చుట్టుపక్కల ఒకప్పుడు పెద్ద విస్తీర్ణంలో తోటలుండేవి. 1850ల్లో దక్షిణాదికి రైలుమార్గం కలిసి, అక్కడి లాంగ్‌డాక్ ప్రాంతపు వైన్ పీపాలు దిగడం మొదలయ్యాక అవి నిలవలేకపోయాయి.

సీసా కథ ఇక్కడే చెప్పేస్తాను, నాకు ఇష్టమైన కథ కూడా. 1615లో ఇంగ్లండ్ రాజు మొదటి జేమ్స్ గాజు కొలుముల్లో కట్టెలు వాడొద్దని ప్రకటన ఇచ్చాడు, నౌకలకు కలప మిగలాలని. కొలుములు బొగ్గుకు మారాయి. బొగ్గు మంట ఎక్కువ వేడి ఇస్తుంది, దాంతో మందంగా, ముదురు రంగులో, గట్టిగా ఉండే సీసాలు వచ్చాయి. లోపల గ్యాస్ ఒత్తిడిని తట్టుకునే నురగ వైన్ సీసా అక్కడినుంచే వచ్చింది. సీసాకు బిరడా కావాలి. దానికి బెరడు ఇచ్చే కార్క్ ఓక్ చెట్లు పోర్చుగల్, స్పెయిన్‌లలో ఉన్నాయి. చెట్టును నరకకుండా తొమ్మిదేళ్ళకోసారి బెరడు ఒలుస్తారు కాబట్టి ఆ అడవులు ఆదాయం ఇస్తూనే నిలబడ్డాయి. అడవి కొరత వల్ల పుట్టిన సీసా ఇంకోచోట అడవిని కాపాడిందంటే వింతగానే ఉంటుంది. ఇప్పుడు మాత్రం వైన్ పరిశ్రమ కర్బన లెక్కల్లో పెద్ద పద్దుల్లో ఒకటి ఆ బరువైన గాజు సీసాయే.

ఇక అసలు సంగతి. ఉత్తర అమెరికాలో పాతికకు దగ్గరగా అడవి ద్రాక్ష జాతులున్నాయి. అక్కడి శిలీంద్రాలూ పురుగులూ వాటితోపాటే పుట్టి పెరిగాయి కాబట్టి ఒకదాన్నొకటి భరించడం నేర్చుకున్నాయి. యూరప్ తీగకు వాటి ముఖపరిచయమే లేదు. తెరచాప ఓడల కాలంలో మొక్కలు వారాల తరబడి సముద్రం మీద ఉండాల్సి వచ్చేది, వాటిమీది పురుగులు చాలావరకు దారిలోనే చచ్చేవి. 1838 నుంచి ఆవిరి ఓడలు రెండు వారాల్లో అట్లాంటిక్ దాటడం మొదలుపెట్టాయి. అదే కాలంలో ధనికుల తోటలకూ గాజు ఇళ్ళకూ కొత్త కొత్త మొక్కల పిచ్చి పట్టుకుంది.

1845లో ఇంగ్లండ్‌లోని మార్గేట్‌లో టక్కర్ అనే తోటమాలి గాజు ఇంట్లోని ద్రాక్షమీద తెల్లటి పొడి లాంటిది చూశాడు. మనం బూడిద తెగులు అనేది అదే. కొద్ది ఏళ్ళలో ఫ్రాన్స్, ఇటలీ, మదీరా దాకా పాకింది. 1854లో ఫ్రాన్స్ వైన్ దిగుబడి కోటి హెక్టోలీటర్ల (హెక్టోలీటరు అంటే 100 లీటర్లు) స్థాయికి పడిపోయింది. మంచి ఏడాదిలో వచ్చేదానిలో ఇది నాలుగో వంతు కూడా కాదు. గంధకం పొడి చల్లితే తగ్గుతుందని తేలింది. ఆ గంధకంలో ఎక్కువ భాగం సిసిలీ గనులది. ద్రాక్షతోట చరిత్రలో మొత్తం విస్తీర్ణానికీ, ప్రతి ఏటా, తప్పనిసరిగా మందు చల్లడం ఇక్కడ మొదలైంది. సింథటిక్ మందులు రావడానికి దాదాపు వందేళ్ళ ముందు సంగతి ఇది.

గంధకంతోపాటు ఇంకో ఆలోచన కూడా నడిచింది. అమెరికా తీగలకు ఈ తెగులు అంతగా పట్టదు కదా, వాటినే తెచ్చి నాటుదాం అని. ఇసబెల్లా లాంటి రకాలు వేర్లతో సహా ఓడల్లో దిగాయి. ఆ వేర్లమీద ఫిలాక్సెరా వచ్చింది.

పేనుబంకకు దగ్గరి చుట్టం ఈ పురుగు, కంటికి కనీకనపడనంత చిన్నది. 1863లో లండన్ శివారులోని ఒక గాజు ఇంట్లోనూ, ఫ్రాన్స్‌లో రోన్ నది దిగువనా దాని ఆనవాళ్ళు కనిపించాయి. తోట మధ్యలో కొన్ని తీగలు ఎండడం, ఆ మచ్చ ఏటేటా గుండ్రంగా విస్తరించడం తప్ప కారణం ఎవరికీ అంతుపట్టలేదు. చచ్చిన తీగను తవ్వి చూస్తే వేర్లు కుళ్ళి ఉంటాయి కానీ పురుగు ఉండదు. 1868 జులైలో మోంపెలియే వృక్షశాస్త్రజ్ఞుడు ప్లాంషోన్, ఆయనతో బజీల్, సాహుత్ కలిసి పచ్చగా ఉన్న పక్క తీగను తవ్వారు. వేరంతా పసుపు పురుగులు. తిండి అయిపోగానే అవి చచ్చిన తీగను వదిలి ఆరోగ్యంగా ఉన్నదానికి మారిపోతాయన్నమాట. అప్పటికీ చాలామంది ఒప్పుకోలేదు. తీగ ముందే బలహీనపడింది, పురుగు దాని ఫలితమే తప్ప కారణం కాదన్నారు. ఆ వాదన కొన్ని విలువైన ఏళ్ళను మింగేసింది.

1874లో ప్రభుత్వం విరుగుడు కనిపెట్టినవారికి 3 లక్షల ఫ్రాంకుల బహుమతి ప్రకటించింది. చివరికి అది ఎవరికీ దక్కలేదు. కార్బన్ డైసల్ఫైడ్‌ను నేలలోకి ఎక్కించేవారు ఒక వర్గం. అది మండిపోయే విషం, ఖర్చు ఎక్కువ, ఏటా వేయాలి. చలికాలంలో 40 రోజులకు పైగా తోటను నీళ్ళలో ముంచి ఉంచితే పురుగు చస్తుందని లూయి ఫోకోన్ అనే తోట యజమాని చూపించాడు. ఇసుకలో పురుగు కదలలేదని ఇంకొందరు గమనించారు. ఈ రెండింటి ఫలితం పర్యావరణ చరిత్రకు చాలా ముఖ్యం. తోటలు వాలులు వదిలి, నీళ్ళు పెట్టగలిగే మైదానాలకూ సముద్రతీరపు ఇసుకకూ దిగాయి. పాత మెట్లు పాడుబడ్డాయి. దోరు లోయలో అప్పుడు వదిలేసిన మెట్లు తుప్పలు మొలిచి ఇప్పటికీ కనిపిస్తాయి. అక్కడివాళ్ళు వాటికి పెట్టుకున్న పేరు మోర్తోరియో.

గెలిచింది అంటు. కింద అమెరికా వేరు, పైన యూరప్ కొమ్మ. పురుగు కుట్టినచోట అమెరికా వేరు గాయాన్ని మూసేసుకుంటుంది, యూరప్ వేరు కుళ్ళుతుంది. ఇది సులువుగా ఏమీ కుదరలేదు. మొదట తెచ్చిన అమెరికా జాతులు సున్నపు నేలల్లో ఇనుము తీసుకోలేక ఆకులు పసుపుబారి చచ్చాయి. కోన్యాక్ లాంటి సుద్ద నేలల్లో మరీ దారుణం. 1887లో ఫ్రెంచి శాస్త్రవేత్త పియేర్ వియాలా అమెరికా వెళ్ళి వెతికితే, టెక్సాస్‌లో ఉన్న ద్రాక్ష నిపుణుడు టి.వి. మన్సన్ సాయంతో సున్నపు రాతి గుట్టల్లో పెరిగే బెర్లాండియెరీ జాతి దొరికింది. అదీ నేరుగా పనికిరాలేదు, కొమ్మకు వేర్లు సరిగా పట్టవు. వేరే జాతులతో సంకరం చేసి వేరుమొక్కలు తయారుచేశారు. ఇప్పటికీ ప్రపంచంలో చాలా తోటలు ఆ కాలపు సంకరాల మీదే నిలబడి ఉన్నాయి.

అంటు తోటల రూపాన్నే మార్చేసింది. అంతకుముందు బర్గండీ, షాంపేన్‌లలో ఒక తీగ కొమ్మను వంచి మట్టిలో పూడ్చి పక్కన కొత్త తీగ లేపేవారు. అలా హెక్టారుకు 20 వేలకు పైగా తీగలు, వరస లేకుండా, అడవిలా ఉండేవి. అంటుమొక్కతో అలా కుదరదు. కొమ్మకు సొంత వేరు వస్తే పురుగు మళ్ళీ పట్టుకుంటుంది. అందుకని ఒక్కో అంటును కొని, వరసల్లో నాటి, ఇనప తీగెలు లాగారు. వరసల మధ్యకు గుర్రపు నాగలి వచ్చింది, ఆ తర్వాత ట్రాక్టరు. ఫొటోల్లో మనం ‘అనాదిగా ఇలాగే ఉంది’ అనుకునే ఆ చక్కటి వరసలు చాలా ప్రాంతాల్లో ఫిలాక్సెరా తర్వాత గీసినవే.

ఆ వేరుమొక్కల కోసం మళ్ళీ అమెరికానుంచి టన్నులకొద్దీ కొమ్మలు దిగుమతి చేశారు. వాటితో బూజు తెగులు వచ్చింది. 1878లో నైరుతి ఫ్రాన్స్‌లో కనిపించింది, కొన్నేళ్ళలో అంతటా పాకింది. నల్లకుళ్ళు అనే ఇంకో శిలీంద్ర తెగులు 1885లో వచ్చింది. 1882 శరదృతువులో బోర్డో దగ్గరి మెదోక్‌లో మిల్లార్డే అనే శాస్త్రవేత్త ఒక దారి పక్కన ఆగాడు. తోటంతా ఆకులు రాలిపోయి ఉంటే దారి అంచు వరసలు మాత్రం పచ్చగా ఉన్నాయి. దారిన పోయేవాళ్ళు పండ్లు కోయకుండా, చూడగానే భయపడేలా అక్కడ మైలుతుత్తం (రాగి లవణం), సున్నం కలిపి చల్లేవారట. ఆ మిశ్రమాన్ని సరిచేసి 1885లో ప్రకటించాడు. మనం ఇప్పటికీ వాడే బోర్డో మిశ్రమం అదే.

ఇక్కడ గొలుసు ఓడ మీదనుంచి నేలలోకి దిగింది. గంధకం కొట్టుకుపోతుంది. రాగి అలా పోదు. మట్టిలోని సేంద్రియ పదార్థాన్ని పట్టుకుని పై పొరలోనే పేరుకుంటుంది, వానపాములకూ సూక్ష్మజీవులకూ హాని చేస్తుంది. యూరోపియన్ యూనియన్ నేలల సర్వేలో మొత్తం సగటు కిలో మట్టికి దాదాపు 17 మిల్లీగ్రాములుంటే ద్రాక్షతోటల్లో దాదాపు 49 వచ్చింది. ఇప్పుడు అక్కడ హెక్టారుకు ఏడేళ్ళలో 28 కిలోలకు మించి వేయకూడదు. సింథటిక్ శిలీంద్రనాశనులు వాడని సేంద్రియ రైతుకు బూజు తెగులుమీద ఇప్పటికీ ప్రధాన ఆయుధం ఈ రాగే. ‘పాత పద్ధతి అంటే శుభ్రమైన పద్ధతి’ అని ఎవరైనా అంటే నేను అడిగే మొదటి ప్రశ్న రాగి గురించే. జర్మనీలో 20వ శతాబ్దం మొదటి సగంలో పురుగుల మీద ఆర్సెనిక్ చల్లారు. తోట పనివాళ్ళు దానివల్ల, దాని అవశేషం ఉన్న ఇంటి వైన్ వల్ల కూడా జబ్బుపడ్డారు. 1942లో అక్కడ దాన్ని నిషేధించారు.

ఈ దెబ్బల ప్రభావం ఫ్రాన్స్‌తో ఆగలేదు. వైన్ కరువైన కాలంలో ఎండుద్రాక్షను నానబెట్టి వైన్ చేశారు. దాంతో గ్రీస్‌లోని పెలొపొనీస్‌లో ఎండుద్రాక్ష సాగు విరగబడింది, చాలాచోట్ల ఆలివ్ చెట్లు కూడా పీకేశారు. ఫ్రాన్స్ కోలుకుని సుంకాలు పెంచగానే 1893లో ఆ మార్కెట్ కుప్పకూలింది. అల్జీరియాలో వలస రైతులు వేసిన తోటలు 1930ల నాటికి దాదాపు 4 లక్షల హెక్టార్లకు చేరాయి. 1962లో స్వాతంత్ర్యం వచ్చాక కొనేవాడు లేక చాలావరకు పీకేశారు.

గొలుసు అక్కడితో తెగిపోయిందనుకుంటే కాలిఫోర్నియాను చూడండి. అక్కడ ఏఎక్స్ఆర్1 అనే వేరుమొక్క బాగా ప్రచారంలో ఉండేది. దాని తల్లిదండ్రుల్లో ఒకటి అరమోన్, అంటే యూరప్ ద్రాక్షే. వేరే దేశాల్లో అది ఫిలాక్సెరాకు లొంగిపోయిన అనుభవం అప్పటికే ఉంది. దిగుబడి బాగుంది కదా అని వేశారు. 1983లో నాపా లోయలో పురుగు బయటపడింది, తర్వాతి ఏళ్ళలో వేల ఎకరాలు పీకి మళ్ళీ నాటాల్సి వచ్చింది. దీన్ని దురదృష్టం అని నేను అనను.

ఇప్పుడు వాతావరణ మార్పు. అది నిజమైన దెబ్బే, కోత తేదీలు చూశాం. కానీ దానికి వెతుకుతున్న విరుగుళ్ళను కూడా అదే కంటితో చూడాలి. చలికాలం వెచ్చబడితే మొగ్గ ముందే చిగురిస్తుంది. 2021 ఏప్రిల్‌లో ఫ్రాన్స్‌లో మంచు పడినప్పుడు అందుకే అంత నష్టం జరిగింది. మంచునుంచి కాపాడటానికి తోటల్లో వేలాది మంటలు పెడితే ఆ పొగ చుట్టుపక్కల ఊళ్ళమీద పరుచుకుంది. ఎండలకు డ్రిప్ పెడితే వేర్లు పైపైనే తిరుగుతాయి, భూగర్భ జలం తగ్గుతుంది. తోటను ఎత్తుకు, ఉత్తరానికి మార్చితే అక్కడ అదివరకున్న అడవో గడ్డినేలో పోతుంది. బోర్డోలో వాతావరణ మార్పును తట్టుకోవడానికి 2021లో తూరిగా నాసియోనాల్, అల్వరీన్యో లాంటి ఆరు కొత్త ద్రాక్ష రకాలను అనుమతించారు, అదీ తోట విస్తీర్ణంలో 5 శాతం దాకా మాత్రమే. నా దృష్టిలో ఇది వీటిలో అన్నిటికన్నా తక్కువ ప్రమాదమున్న దారి, అందుకే కాబోలు అన్నిటికన్నా నెమ్మదిగా నడుస్తోంది. కార్చిచ్చు పొగ కొత్త సమస్య. పొగలోని పదార్థాలు కాయలో చక్కెరతో కలిసి దాక్కుంటాయి, పులిసేటప్పుడు బయటపడతాయి. 2020లో కాలిఫోర్నియాలో చాలామంది పంట కోయకుండా వదిలేశారు.

తెగుళ్ళ విషయంలో ఇప్పుడు అందరి ఆశా తట్టుకునే సంకర రకాల మీద ఉంది. చరిత్ర తెలిసినవాళ్ళకు దీంట్లో కాస్త నవ్వు వస్తుంది. అమెరికా, యూరప్ జాతులను కలిపి చేసిన సంకరాలు 1950ల చివర ఫ్రాన్స్ తోటల్లో దాదాపు మూడో వంతు ఉండేవి. అమెరికా మూలాలున్న రకాల్లో ఇసబెల్లా, నోవా లాంటి ఆరింటిని 1934లోనే నిషేధించారు, మిగతావాటినీ క్రమంగా తరిమేశారు. రుచి బాగాలేదన్నది ఒక కారణం, వైన్ ఎక్కువైపోయిందన్నది ఇంకో కారణం. 2018లో అదే దేశం అర్తబాన్, విదోక్, ఫ్లొరెయాల్, వొల్తిస్ అనే కొత్త సంకరాలను సాగుకు అనుమతించింది. మందు చల్లడం బాగా తగ్గుతుంది, సందేహం లేదు. అయితే బియాంకా అనే సంకర రకంలో ఉన్న ఒక నిరోధక జన్యువును బూజు తెగులు శిలీంద్రం దాటేసిందని 2010లోనే ప్రచురించారు. ఒకే జన్యువు మీద ఆధారపడి వేల హెక్టార్లు వేస్తే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. అందుకే ఇప్పటి రకాల్లో రెండు, మూడు నిరోధక జన్యువులు పేరుస్తున్నారు.

మీ ప్రాజెక్టుకు నా సలహా: దేశం మొత్తాన్ని పెట్టుకోకండి, ఒక ప్రాంతాన్ని ఎంచుకోండి. 1845కు ముందు పటం, 1900 తర్వాత పటం పక్కపక్కన పెట్టి తోటలు వాలుమీదనుంచి ఎటు కదిలాయో చూడండి. అక్కడి వేరుమొక్క ఏది, అది ఏ నేలకోసం తయారైందో కనుక్కోండి. మట్టిలో రాగి అంకె దొరికితే ఇంకా మంచిది. ఒక్క జాగ్రత్త. 1875లో 8 కోట్ల హెక్టోలీటర్లకు పైగా ఉన్న ఫ్రాన్స్ దిగుబడి 1889 నాటికి 2 కోట్ల 30 లక్షల స్థాయికి పడిపోయిందన్న అంకెలు ప్రతిచోటా కనిపిస్తాయి, ఆ పతనం మొత్తాన్నీ ఫిలాక్సెరా ఖాతాలో వేసేస్తారు. అందులో బూజు తెగులు వాటా కూడా ఉంది. పైగా 1875 అసాధారణంగా కాసిన ఏడాది. ఆ ఒక్క ఏడాదిని కాకుండా 1870 నుంచి 1874 దాకా సగటు తీసుకుని పోల్చండి.